పాటల పరిచర్యే నాకు విగ్రహం అయిపోయిందా?

ప్రశ్న

అందరికీ వందనాలు. పదకొండేళ్లుగా మా సంఘంలో ఆదివారం ఆరాధనలో పాటలు నడిపిస్తున్నాను. ఇప్పుడు రాసేది ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు.

మూడు వారాల క్రితం పాస్టర్ గారు ఫోన్ చేసి, "ఈ ఆదివారం పాటలు ఆ కొత్త చెల్లెలు నడిపిస్తుందమ్మా, నువ్వు కూర్చుని ఆరాధించు" అన్నారు. "చాలా సంతోషం పాస్టర్ గారూ" అన్నాను. ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయి. ఆ ఆదివారం కళ్లు మూసుకుని కూర్చున్నాను గానీ ప్రార్థన మాత్రం చేయలేదు. రెండో చరణంలో ఆ అమ్మాయి శ్రుతి తప్పింది. నాకు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయిని చూసి నాకే భయం వేసింది. బయటికి వస్తుంటే ఒక పెద్దావిడ "ఈ రోజు నువ్వు పాడలేదేంటమ్మా" అని అడిగారు. "గొంతు బాగోలేదు ఆంటీ" అనేశాను. నా గొంతుకేమీ కాలేదు.

ఆ రాత్రి యోహాను మొదటి పత్రిక మొత్తం చదివాను. వెలుగులో నడవడం, సహోదరుని ప్రేమించడం గురించి అంత రాసి, ఆయన చివరికి రాసిన మాట, "చిన్న పిల్లలారా, విగ్రహముల జోలికి పోకుండ జాగ్రత్తగా ఉండుడి." ఇన్నేళ్లూ ఆ వచనం నా కోసం కాదనుకుని దాటిపోయాను.

పాటలంటే ఇష్టం ఉండటం తప్పా? ఆ ఇష్టం ఎక్కడ విగ్రహంగా మారుతుంది? నేను పాడటం మానేయాలా?

మొదటి జవాబు

మానేయండి సిస్టర్. 2 రాజులు 18:4 చూడండి. ఇత్తడి సర్పాన్ని మోషే తన ఇష్టంతో చేయలేదు, దేవుడు చెప్తేనే చేశాడు. పాము కాటు తిన్నవాళ్లు దాన్ని చూసి బతికారు. అయినా జనం దానికి ధూపం వేస్తున్నారని హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టి నెహుష్టాను, అంటే ఇత్తడి ముక్క, అని పేరు పెట్టాడు. దేవుడు ఇచ్చినదే కదా అని దాచుకోలేదు. ఆరు నెలలు మైక్ ముట్టుకోకండి.

రెండో జవాబు

పై బ్రదర్ చెప్పిన వాక్యం సరైనదే. అయితే హిజ్కియా పగలగొట్టింది ఇత్తడిని. పాట ఆపినంత మాత్రాన సిస్టర్ లోపల ఉన్నది పోతుందా? "నేను మైక్ వదిలేశాను" అన్న గొప్ప ఇంకొకటి వచ్చి అక్కడ కూర్చోవచ్చు. యెహెజ్కేలు 14లో దేవుని దగ్గర విచారించడానికి వచ్చిన పెద్దల గురించి ఆయన అన్నది, వాళ్లు తమ హృదయాల్లోనే విగ్రహాలు నిలుపుకున్నారని.

నా సంగతి చెప్తాను. నాకు పాట రాదు. నా విగ్రహం బ్యాంకు ఖాతా. ఒకసారి ఉద్యోగం పోయి చాలా కష్టపడ్డాను. తర్వాత మంచి ఉద్యోగమే దొరికింది, కానీ రాత్రి మెలకువ వస్తే ప్రార్థనకు ముందు ఫోన్ తీసి బ్యాలెన్స్ చూసేవాడిని. ఆ అంకె చూశాకే నిద్ర పట్టేది. దాన్ని జాగ్రత్త అనుకున్నాను. కుటుంబం కోసం దాచుకోవడం జాగ్రత్తే కదా, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కానీ ఒకరోజు సంఘంలో ఒక తమ్ముడు పిల్లల ఫీజు కోసం అప్పు అడిగితే, "నా దగ్గర అస్సలు లేవు తమ్ముడూ" అన్నాను. ఉన్నాయి. ఇవ్వలేనని చెప్పొచ్చు, అది నా ఇష్టం. అబద్ధం ఎందుకు ఆడాను? కొలస్సయులకు 3:5లో పౌలు ధనాపేక్షను విగ్రహారాధన అని ఎందుకన్నాడో ఆ రోజు తెలిసింది. దేవుని ఆజ్ఞకు, ఆ అంకెకు మధ్య నేను అంకెనే కాపాడాను.

అప్పటినుంచి నన్ను నేను అడిగే ప్రశ్న ఒక్కటే: దేని కోసం అబద్ధం ఆడుతున్నాను? ఇశ్రాయేలు రాజు సౌలును చూడండి, 1 సమూయేలు 15. శత్రువుల పశువులను కూడా మిగల్చవద్దని దేవుడు అతనికి చెప్పాడు. అతని ఇంట్లో ఏ బొమ్మా ఉన్నట్టు ఆ అధ్యాయంలో లేదు. యుద్ధం గెలిచి కర్మెలులో తన పేరున గుర్తు నిలబెట్టుకున్నాడు. ప్రవక్త సమూయేలు రాగానే "యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను" అన్నాడు, వెనక గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. సమూయేలు ఆ మొండితనాన్నే విగ్రహాలను పూజించడంతో సమానం అన్నాడు. పాపం ఒప్పుకున్నాక కూడా సౌలు అడిగింది, పెద్దల ముందు నన్ను ఘనపరచు అని.

మీరు ఆ పెద్దావిడకు చెప్పిన మాట దగ్గర ఆగండి సిస్టర్. గొంతు బాగోలేదని చెప్పి మీరు దేన్ని కాపాడారు?

నేను చేసింది ఇది. ఆ తమ్ముడి దగ్గరకు వెళ్లి, ఆ రోజు నా దగ్గర డబ్బు ఉంది, అబద్ధం చెప్పాను అన్నాను. అప్పు ఇవ్వడం కన్నా ఆ మాట చెప్పడం ఎంతో కష్టమైంది. బ్యాలెన్స్ ఇప్పుడు నెలకు ఒకసారి, భార్యతో కలిసి చూస్తాను. రాత్రి ఫోన్ వేరే గదిలో ఉంటుంది. భయం పూర్తిగా పోయిందని చెప్పను.

మూడో జవాబు

అక్కా, ఒక్క మాట. పాడే అవకాశం పోయినందుకు బాధపడటం పాపం కాదు, దాన్ని విగ్రహం లెక్కలో వేసుకోకండి. ఆ అమ్మాయి తప్పు పాడితే వచ్చిన హాయిని మాత్రం వదలకండి, దాన్ని పేరు పెట్టి దేవునికి చెప్పండి. యోహాను 3లో శిష్యులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చి, అందరూ యేసు దగ్గరకే వెళ్తున్నారని చెప్తారు. పరలోకం నుంచి ఇస్తేనే గాని ఎవరూ ఏదీ పొందలేరని యోహాను జవాబు. అలాగని ఆయన బాప్తిస్మం ఇవ్వడం మానేయలేదు.

ప్రశ్న అడిగిన సిస్టర్

అందరికీ వందనాలు, రెండు వారాలు ఆగి రాస్తున్నాను. ఆంటీ దగ్గరకు వెళ్లి నిజం చెప్పాను. నన్ను పక్కన పెట్టారని మీరు అనుకుంటారేమోనని భయపడ్డానన్నాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పిల్లకు రెండో చరణం ఎక్కడ తప్పిందో తెలుసా?" అని అడిగారు. ఆ అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు, నేను తనకు చెప్పలేదు.

శనివారం ఆ అమ్మాయితో కూర్చున్నాను. పాట తన గొంతుకు ఎక్కువ ఎత్తులో ఉంది, ఒక మెట్టు దించాం. ఆదివారం బాగా పాడింది. అందరూ మెచ్చుకుంటుంటే నాకు మళ్లీ లోపల కలుక్కుమంది. అక్కడే కూర్చుని ఆ సంగతి ప్రభువుకు చెప్పాను. వచ్చే వారం నా వంతు. ఆ పెద్దావిడను ముందు వరుసలో కూర్చోమన్నాను.