పారామౌంట్ సీజన్ బుక్: అట్ట లేదు, సంవత్సరం లేదు, 1928ది అంటున్నాడు, నమ్మొచ్చా?

పాతకాగితం:
అందరికీ నమస్తే. నేను ఇన్నాళ్లూ ప్రెస్‌బుక్కులే కొన్నానండి, అదే ఒక్కో సినిమాకి స్టూడియో వాళ్లు థియేటర్లకి పంపేవి, పేపర్ యాడ్ల నమూనాలు, పోస్టర్ సైజులు, జనాన్ని ఎలా రప్పించాలో చిట్కాలు అన్నీ ఉండేవి కదా అవి. ఇప్పుడు ఫస్ట్ టైమ్ సీజన్ మొత్తానికి వేసిన పెద్ద ఎగ్జిబిటర్ బుక్, అదే స్టూడియో రాబోయే సినిమాలన్నీ థియేటర్ ఓనర్లకి చూపించేది, ఒకటి దొరికేలా ఉంది. హాలీవుడ్ స్టూడియో పారామౌంట్‌ది. లోపల ఫుల్ పేజీ కలర్ బొమ్మలు, వాటిని చూస్తుంటే నాకు నిద్ర పట్టట్లేదు. కానీ అట్ట ఊడిపోయింది, సంవత్సరం ఎక్కడా లేదు, పేజీ నంబర్లు కూడా లేవు. అమ్మేవాడు మాత్రం "1928, మొట్టమొదటి టాకీ బుక్ సార్, ఇంకెక్కడా దొరకదు" అంటున్నాడు. ఇంకో డౌట్, ఇందులో ఉన్న సినిమాల్లో మూడు నాలుగు నేను ఎప్పుడూ వినలేదు, వెతికితే అసలు అలాంటి సినిమాలే లేవు. డూప్లికేట్ అంటారా? తొందరగా చెప్పండి, ఇంకెవరో కూడా అడుగుతున్నారట (అది ప్రతి అమ్మేవాడూ చెప్పేదే అనుకోండి).

రీలుడబ్బా:
హీరోయిన్ల బొమ్మలు తర్వాత చూద్దురు గానీ, ముందు సన్న అక్షరాల్లో కంపెనీ పేరు ఎలా వేశారో చూడండి. పారామౌంట్‌తో ఇదొక్కటే సుఖం, పేరు మారుస్తూనే ఉన్నారు. 1927 నుంచి 1930 దాకా పారామౌంట్ ఫేమస్ లాస్కీ కార్పొరేషన్, 1930లో పారామౌంట్ పబ్లిక్స్ అయింది, 1935లో పారామౌంట్ పిక్చర్స్ అయింది. పబ్లిక్స్ అని కనిపిస్తే 1928 అన్న మాట అక్కడికక్కడే కొట్టేయొచ్చు. మిగతా స్టూడియోలకీ ఇలాంటి గుర్తులుంటాయి, ఫాక్స్ ఫిల్మ్ అని ఉంటే 1935కి ముందుది, ఎందుకంటే ఆ ఏడే ట్వెంటీయెత్ సెంచరీతో కలిసిపోయింది, ఇక ఆర్‌కేఓ అయితే పుట్టిందే 1928 చివర్లో. నీలం గద్ద ముద్ర (ఎన్‌ఆర్‌ఏ ది, అంటే అప్పటి అమెరికా ప్రభుత్వం పరిశ్రమల్ని కోలుకునేలా చెయ్యడానికి పెట్టిన సంస్థది) ఉంటే 1933 నుంచి 1935 మధ్యది అనుకోండి. ముద్ర లేదని ఏదీ తేల్చలేం, ఉంటేనే పనికొస్తుంది.

ఇంకో మాట, 1928 బుక్ అయ్యుంటే అన్నీ టాకీలే ఉండటం కుదరదు. పారామౌంట్, ఎంజీఎం వాళ్లు సౌండ్ కోసం ఆ పరికరాలు చేసే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీతో సంతకాలు పెట్టిందే ఆ ఏడాది మే నెలలో. పూర్తిగా మాటలున్న మొదటి ఫీచర్ లైట్స్ ఆఫ్ న్యూయార్క్ వార్నర్ వాళ్లది, అది వచ్చింది జూలైలో. పారామౌంట్ మొదటి ఫుల్ టాకీ ఇంటర్‌ఫియరెన్స్ అయితే నవంబర్‌లో. అప్పటి బుక్కుల్లో సగం మూకీలే ఉండాలి, ఎక్కువ థియేటర్లలో స్పీకర్లే లేవు కదా మరి.

క్లాప్‌బోర్డ్:
ఆ వినని సినిమాల గురించి కంగారు పడకండి బ్రో, అసలు మజా అక్కడే ఉంది. నా లెక్కలో అవి ఉన్నాయంటే బుక్ ఒరిజినల్ అనడానికి ఇంకో సాక్ష్యం, డూప్లికేట్ కొట్టేవాడు ఎవరికీ తెలియని సినిమా పేజీ ఎందుకు వేస్తాడు, ఎవడు కొంటాడు అది.

అప్పట్లో బ్లాక్ బుకింగ్ అని నడిచేది. థియేటర్ ఓనర్ ఒక పెద్ద స్టార్ సినిమా కావాలంటే దాంతో పాటు ఆ స్టూడియోవి ఇంకో ముప్పయ్యో నలభయ్యో కట్టగా తీసుకోవాలి, అదీ షూటింగ్ మొదలు కాకముందే, ఏమీ చూడకుండా. వేసవిలో సేల్స్ కన్వెన్షన్లు పెట్టేవాళ్లు, రాబోయే సీజన్‌కి ఒప్పందాలు అక్కడే మొదలయ్యేవి. చూపించడానికి సినిమా లేదు కాబట్టి ఈ బుక్కే సరుకు. అందుకే అంత ఖర్చు పెట్టి మెరుపు సిరాలు, ఉబ్బెత్తు అట్టలు వేశారు, కథ ఇంకా రాయకపోయినా ఆర్టిస్ట్ చేత బొమ్మ మాత్రం గీయించేశారు. తర్వాత హీరో మారతాడు, పేరు మారుతుంది, లేదా సినిమానే అటకెక్కుతుంది. యూనివర్సల్ వాళ్లు 1931లో ఫ్రాంకెన్‌స్టైన్‌కి బేలా లుగోసి పేరుతో యాడ్ వేశారు, నవంబర్‌లో సినిమా వచ్చేసరికి రాక్షసుడు బోరిస్ కార్లాఫ్! ఈ బ్లాక్ గోల 1948లో అమెరికా సుప్రీం కోర్టు పారామౌంట్ కేసులో తీర్పిచ్చాకే పూర్తిగా ఆగింది.

తీసినవి కూడా అన్నీ మిగల్లేదు. 1929లో వార్నర్ తీసిన గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ బ్రాడ్‌వే కలర్ మ్యూజికల్, ఇవాళ దాంట్లో కొన్ని ముక్కలే ఉన్నాయి, సౌండ్ డిస్కుల మీద ఉంది కాబట్టి పాటలు మాత్రం బతికాయి. అలాంటి సినిమా రంగు రంగుల పేజీ చేతిలో ఉంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పిన్నుతుప్పు:
నేను అడిగేది ఒకటే, పేజీలు లెక్కపెట్టారా? నంబర్లు లేకపోతే ఇలా చూడండి, మధ్యలో పిన్ను కొట్టిన బుక్ అయితే ఒక్కో కాగితం మడిచి రెండు ఆకులవుతుంది, కాబట్టి ముందు సగంలో ఏదైనా ఆకు వదులుగా ఊగుతుంటే వెనక సగంలో దాని జత ఊడిపోయినట్టే. మడత దగ్గర సన్నటి చింపుడు అంచు కనిపించినా అంతే. స్పైరల్ బైండింగ్ అయితే ఈ లెక్క పని చెయ్యదు, అదే బుక్ ఇంకో కాపీ ఫోటోలు వెతికి పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

ఎందుకింత చెప్తున్నానంటే నేను మోసపోయాను కాబట్టి. ఒక డీలర్ దగ్గర "కంప్లీట్" అని తీసుకున్నా, ఇంటికొచ్చాక చూస్తే హారర్ సినిమా పేజీలు ఒక్కటీ లేవు, నీట్‌గా బ్లేడుతో కోసి ఉన్నాయి. బుక్‌గా అమ్మితే ఒక్కసారే డబ్బు, పేజీలుగా అమ్మితే పది సార్లు. ఆ పని చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

యూవీ టార్చ్ వేసి చూడమనండి. తెల్లగా మెరవడానికి కలిపే కెమికల్స్ దాదాపు 1950 దాకా కాగితంలో లేవు, పేజీ నీలంగా వెలిగిపోతోందంటే కొత్త కాగితం. అక్కడక్కడా మాత్రమే వెలిగితే తర్వాత ఎవరో అతికించిన ముక్క అయ్యుండొచ్చు.

క్లాప్‌బోర్డ్:
సెల్లో టేప్ మాత్రం వద్దు బ్రో ప్లీజ్, లామినేషన్ ఆలోచన కూడా రానివ్వకండి. పాలియెస్టర్ కవర్, యాసిడ్ లేని అట్ట, పడుకోబెట్టి చీకట్లో ఉంచండి. పీవీసీ ఫోల్డర్లు సిరాని పీల్చేస్తాయి.

రీలుడబ్బా:
సంవత్సరం కచ్చితంగా కావాలంటే లోపలున్న టైటిల్స్‌లో నిజంగా రిలీజ్ అయినవి ఓ పది రాసుకుని ఏఎఫ్ఐ (అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) కేటలాగ్‌లో తేదీలు చూడండి. రాని సినిమాలకి మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ ఉంది, ఫిల్మ్ డైలీ, మోషన్ పిక్చర్ హెరాల్డ్ లాంటి ట్రేడ్ పేపర్లు స్కాన్ చేసి ఫ్రీగా పెట్టారు, పేరు కొట్టి వెతకొచ్చు. ఒకసారి దాంట్లో దిగితే తెల్లారిపోద్ది, ముందే చెప్తున్నా.

పాతకాగితం:
అప్‌డేట్. పబ్లిక్స్! చివరి పేజీ అడుగున ఇంత చిన్న అక్షరాల్లో ఉంది, ఫోటో జూమ్ చేస్తే దొరికింది. టైటిల్స్ తేదీలు చూస్తే అన్నీ 1931 చివర, 1932 మొదట్లో పడుతున్నాయి, కాబట్టి 1931 వేసవి బుక్. వాడికి చెప్తే "అదే సార్ అదే, 28 అయినా 31 అయినా పాతదే కదా" అన్నాడు. మడత దగ్గర ఫోటో కూడా పంపించాడు, ఒక ఆకు ఊగుతోంది, జత లేదు. అయినా తీసుకుంటున్నా, రేటు దానికి తగ్గట్టు తగ్గించాడు, పైగా ఆ రాని సినిమాల పేజీలు నాలుగూ భద్రంగా ఉన్నాయి. పోయిన పేజీలో ఏ స్టార్ ఉన్నాడో ఈపాటికి ఎవరింట్లోనో ఫ్రేము కట్టి గోడకి వేలాడుతూ ఉంటాడు, పిన్నుతుప్పు గారూ మీ రాక్షసుల పక్కనే.