హంటర్ హారిసన్ గూడ్స్ రైళ్లను బాగు చేశాడా, పీల్చి పిప్పి చేశాడా?

పట్టాల పిచ్చి:
అమెరికా, కెనడాల్లో నాలుగు పెద్ద రైల్వేలు నడిపిన హంటర్ హారిసన్ గురించి ఈ మధ్య బాగా చదువుతున్నాను. 1944లో అమెరికాలోని మెంఫిస్‌లో పుట్టాడు. చదువుకునే రోజుల్లోనే ఫ్రిస్కో రైల్వేలో వ్యాగన్లకు నూనె పోసే పనిలో చేరాడు. తర్వాత ఇల్లినాయ్ సెంట్రల్, కెనేడియన్ నేషనల్, కెనేడియన్ పసిఫిక్, చివరికి అమెరికా రైల్వే కంపెనీ సీఎస్ఎక్స్‌కు సీఈఓ అయ్యాడు. కెనేడియన్ పసిఫిక్ 2011లో 100 డాలర్లు సంపాదిస్తే 81 ఖర్చులకే పోయేవి. 2016కి ఆ ఖర్చు 59 లోపుకి దిగింది. నా ఉద్దేశంలో ఆయన రైల్వేలను నిలబెట్టాడు. మీరేమంటారు?

కాజీపేట మాజీ గార్డు:
ఒక విషయంలో ఆయనకు దండం పెట్టాలి బాబూ. వ్యాగన్ యార్డులో పడి ఉంటే దండగ అని కనిపెట్టాడు. హంప్ యార్డు అంటే వ్యాగన్లను వెళ్లే చోటుని బట్టి విడదీసే యార్డు, అందులో ఒక చిన్న దిబ్బ ఉంటుంది. ఇంజన్ వెనక నుంచి బండిని దాని మీదకు నెడుతుంది. పైన ఒక్కో వ్యాగన్ కప్లింగ్ విప్పితే అది వాలు మీద దొర్లుకుంటూ వెళ్లి తన లైన్లో ఉన్న వ్యాగన్లకు దబ్బున తగులుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, అక్కడికి చేరిన వ్యాగన్ మళ్లీ కదలడానికి ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. బండి నిండేదాకా ఆగొద్దు, టైముకి వదలండి, దారిలో తక్కువసార్లు విప్పండి అన్నాడు హారిసన్. యార్డులో రాత్రిళ్లు గడిపినవాడికే తట్టే ఆలోచన అది.

చికాగో లోడు:
గార్డు గారూ, ఆలోచన మంచిదే. అమలు చేసిన తీరు చూడండి. 2017 మార్చిలో సీఎస్ఎక్స్‌కు వచ్చాడు. కెనేడియన్ పసిఫిక్ వదిలినందుకు ఆయన కోల్పోయిన డబ్బుకు బదులుగా 84 మిలియన్ డాలర్లు ఇచ్చి మరీ తెచ్చుకున్నారు. నెలల వ్యవధిలో ఒకదాని తర్వాత ఒకటి హంప్ యార్డులు మూసేశాడు. ఎండాకాలానికల్లా వ్యాగన్లు దారి తప్పాయి, ఫ్యాక్టరీలకు సరుకు అందలేదు. కొందరు ఉద్యోగులు మార్పుకి అడ్డుపడుతున్నారని ఖాతాదారులకు ఉత్తరం రాశాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ ఉత్తరమే. అక్టోబరులో అమెరికా రైల్వే నియంత్రణ బోర్డు విచారణ పెట్టింది. డిసెంబరు 16న ఆయన చనిపోయాడు.

తర్వాత పెద్ద రైల్వేలు దాదాపు అన్నీ ఇదే బాట పట్టాయి. ఆరేళ్లలో సుమారు 45,000 మంది ఉద్యోగులు తగ్గారని 2022లో ఆ బోర్డు అధ్యక్షుడే చెప్పాడు. ఆ ఏడాది మా ఫ్యాక్టరీకి రావాల్సిన ప్లాస్టిక్ గుళికల వ్యాగన్ మాకు దగ్గర్లోని యార్డులోనే పదకొండు రోజులు నిలిచిపోయింది. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘క్రూ లేదండీ’ అన్నారు, అంటే బండి నడిపే సిబ్బంది లేరని. ఏ రైల్వేనో ఇక్కడ రాయను. మెషీన్లు ఆపి, లారీల్లో తెప్పించుకున్నాం. ఆ లారీల ఖర్చు రైల్వే లెక్కలో ఎక్కడా కనిపించదు, వాళ్ల ఆపరేటింగ్ రేషియో (వంద సంపాదిస్తే ఖర్చు ఎంత అన్న లెక్క) మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

పట్టాల పిచ్చి:
క్రూ కొరత సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆయన పోయాక ఇతర కంపెనీలు చేసిన కోతలన్నీ ఆయన నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఇల్లినాయ్ సెంట్రల్‌లో, కెనేడియన్ నేషనల్‌లో ఏళ్ల తరబడి దగ్గరుండి నడిపించాడు. సీఎస్ఎక్స్‌లో దక్కింది తొమ్మిది నెలలే, అదీ ఒంట్లో బాగోలేని మనిషి.

చికాగో లోడు:
తొమ్మిది నెలలే ఉన్నాయని తెలిసే తొందరపడ్డాడేమో. ఆయన మీద కోపం లేదండీ. ఆ ఒక్క రేషియో చూసి చప్పట్లు కొట్టిన వాటాదారుల మీదే నా కోపమంతా. రైల్వే బాగుందా లేదా అన్నది చెప్పిన రోజుకి వ్యాగన్ నా గేటు ముందుకు వచ్చిందా అని అడిగి తేల్చాలి.

కాజీపేట మాజీ గార్డు:
అమ్మా, నువ్వు చెప్పింది నేను కళ్లారా చూశాను. 1980లలో మన రైల్వే కూడా ఒకటీ రెండూ వ్యాగన్ల బుకింగులు తగ్గించి, పూర్తి రేకు, అంటే ఒక బండికి సరిపడా వ్యాగన్ల సరుకు, ఉంటేనే రమ్మనడం మొదలుపెట్టింది. యార్డుల్లో షంటింగ్ (వ్యాగన్లను విప్పి, మార్చి కలపడం) తగ్గింది, బొగ్గు బండ్లు ఆగకుండా పరిగెత్తాయి. పని చేసేవాళ్లకి హాయిగానే ఉండేది, అబద్ధం ఎందుకు. కానీ మా స్టేషన్ గూడ్స్ షెడ్డుకి ఏటా రెండు వ్యాగన్ల మిరపకాయలు తెచ్చే వర్తకులు ఉండేవారు. సీజన్లో అటు వెళ్తే ఘాటుకి తుమ్ములు ఆగేవి కావు. రేకు నింపే శక్తి వాళ్లకి ఎక్కడిది? లారీలకు మళ్లారు. నేను రిటైరయ్యే నాటికి ఆ షెడ్డులో మేకలు పడుకునేవి.