మిషన్ పిలుపు మీద ఉత్తర ఇంగ్లండ్‌కి వస్తున్నాను, సలహాలు చెప్పండి

రాజమండ్రి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మేం యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం వాళ్లం, బయట మోర్మన్లు అంటే తెలుస్తుంది. డిగ్రీ మధ్యలో ఆపి మిషన్‌కి, అంటే సంఘం పంపిన చోటికి వెళ్లి సువార్త చెప్పే సేవకి, దరఖాస్తు పెట్టాను. మాంచెస్టర్ మిషన్‌కి పిలుపు వచ్చింది, రెండేళ్లు. ఇంతవరకు ఇల్లు వదిలి ఎక్కువ రోజులు ఉన్నది లేదు. చలి సంగతి, వంట సంగతి, తెలియని వాళ్ల తలుపు తట్టడం, అన్నీ భయంగానే ఉన్నాయి. అమ్మకైతే నాకంటే ఎక్కువ భయం. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లకి వెళ్తే ఏమనుకుంటారో కూడా తెలియడం లేదు. మీకు తెలిసింది చెప్పండి.

ప్రెస్టన్ అక్క:

తమ్ముడూ, నీ పిలుపు గురించి చదివి చాలా సంతోషం వేసింది. నేను హైదరాబాద్‌లో ఇదే సంఘంలో పెరిగాను, స్కాట్లండ్‌లో సిస్టర్ మిషనరీగా సేవ చేశాను, పెళ్లయ్యాక ఈ ఊళ్లో స్థిరపడ్డాను.

రోజు ఎలా గడుస్తుందో శిక్షణలోనే చెప్తారు కాబట్టి ఆ ముక్క త్వరగా ముగిస్తాను. ఉదయం 6:30కి లేవడం, ప్రార్థన, కాసేపు వ్యాయామం, టిఫిను. ఎనిమిదింటి నుంచి నీ సొంత లేఖన పఠనం, ఆ తర్వాత కంపానియన్‌తో, అంటే నీకు జతగా వేసే తోటి మిషనరీతో, కలిసి చదవడం. పదింటి ప్రాంతంలో బయట పడతారు. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా ఫ్లాట్‌కి చేరి, 10:30కి పడుకోవాలి. 2017 నుంచి ఈ వేళల్లో కొంత వెసులుబాటు ఇచ్చారు, మీ మిషన్ ప్రెసిడెంట్ చెప్పినట్టు నడుచుకో. వారానికి ఒక ప్రిపరేషన్ డే ఉంటుంది. బట్టలు ఉతకడం, సరుకులు, ఇంటికి ఫోను అన్నీ ఆ రోజే, సాయంత్రం ఆరింటి వరకు.

ఈ టైంటేబుల్ వారం పది రోజుల్లో ఒంటికి పడుతుంది. త్వరగా పట్టనిది కంపానియన్. అతన్ని నువ్వు ఎంచుకోవు. యూటా వాడు రావచ్చు, ఘనా వాడు రావచ్చు, ఫిలిప్పీన్స్ వాడు రావచ్చు. నిద్ర లేచిన దగ్గర్నుంచి ఒకరి కంటికి, చెవికి ఒకరు అందేంత దూరంలోనే ఉండాలి. ఇంట్లో అన్నదమ్ములకి కూడా ఇంత ఇరుకు ఉండదు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది, అప్పుడు మారితే మారినట్టు, లేకపోతే మళ్లీ అదే మనిషి. మనవాళ్లకి కోపం వస్తే మాట మానేయడం అలవాటు. అక్కడ అది కుదరదు, పొద్దున్నే అతనితోనే ప్రార్థనకి మోకరించాలి. వారానికోసారి ఇద్దరూ కూర్చుని పనులు ఎలా సాగుతున్నాయో, ఒకరి వల్ల ఒకరికి ఏం ఇబ్బందిగా ఉందో మాట్లాడుకునే సమయం ఉంటుంది. దాన్ని మొక్కుబడిగా దాటేయొద్దు. మనసులో ఉన్నది మెత్తగా చెప్పు, అతను చెప్పేది పూర్తిగా విను. దేవుడు ప్రేమించమని నీకు అప్పగించిన మొదటి మనిషి ఆ కంపానియనే. అతనితో ఓర్చుకోలేనివాడు వీధిలో ఎదురైన ముక్కూమొహం తెలియని మనిషికి ప్రేమ గురించి ఏం చెప్తాడు?

ఇక తలుపులు తట్టడం. మన దేశంలో మిషనరీలు ఎక్కువగా సభ్యులు పరిచయం చేసిన ఇళ్లకే వెళ్తారు కాబట్టి నీకు ఇది కొత్తగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో చాలామంది మర్యాదగానే వద్దంటారు. కొందరు తలుపు సగం తీసి నీ నల్ల నేమ్ ట్యాగ్ చూసి మూసేస్తారు. నువ్వు వానలో తడుస్తూ ఉంటావు. అప్పుడు గుర్తుంచుకోవడానికి నేనుండే ఊరి కథ ఒకటి చెప్తాను.

1837 జులైలో మన సంఘం మిషనరీలు హీబర్ సి. కింబల్, ఆర్సన్ హైడ్, జోసెఫ్ ఫీల్డింగ్, ఇంకొందరు లివర్‌పూల్ రేవులో దిగి ప్రెస్టన్ వచ్చారు. అప్పుడు ఎన్నికల హడావిడి. బగ్గీ దిగగానే వాళ్ల తలల మీద ఒక జెండా తెరుచుకుంది. దాని మీద బంగారు అక్షరాలతో ‘సత్యమే జయిస్తుంది’ అని ఉంది. రూపాయి నోటు మీద సత్యమేవ జయతే చూస్తూ పెరిగిన నాకు ఆ సంగతి మొదట విన్నప్పుడు ఒళ్లు పులకరించింది. జోసెఫ్ ఫీల్డింగ్ తోబుట్టువు జేమ్స్ ఈ ఊళ్లోనే పాస్టరు. ఆదివారం తన వాక్స్‌హాల్ చాపెల్‌లో వీళ్లని మాట్లాడనిచ్చాడు. తన సంఘస్థులు బాప్తిస్మం అడగడం మొదలుపెట్టేసరికి చాపెల్ తలుపు మూసేశాడు. జులై 30న రిబుల్ నదిలో మొదటి బాప్తిస్మాలు జరిగాయి. ముందు ఎవరు దిగాలా అని ఇద్దరు ఒడ్డు దాకా పరుగు పందెం పెట్టుకుంటే జార్జ్ వాట్ గెలిచాడని మనవాళ్లంతా ఉత్సాహంగా చెప్పుకుంటారు. మిషన్‌కి వచ్చే కుర్రాళ్లు ఆ పరుగు పందెం విని, తమ కాలంలోనూ నది ఒడ్డున జనం బారులు తీరతారనుకుంటారు. నాకు మాత్రం జేమ్స్ మూసిన తలుపే ఎక్కువ గుర్తుకొస్తుంది. మూసింది పరాయివాడు కాదు, రక్తసంబంధి. అయినా జోసెఫ్ పని ఆపలేదు.

కాబట్టి లెక్కల మీద మనసు పెట్టొద్దు. ఎన్ని పాఠాలు చెప్పారు, ఎంతమంది బాప్తిస్మానికి ఒప్పుకున్నారు అని మీటింగుల్లో అడుగుతారు, ఆ లెక్క ఇవ్వాల్సిందే. కానీ నీ విశ్వాసాన్ని ఆ అంకెతో తూచుకోకు. నీకు తారసపడినవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకుని, రాత్రి ప్రార్థనలో ఒక్కొక్కరినీ పేరు పెట్టి తలుచుకో. ‘నో’ అన్న ముసలాయన పేరు కూడా.

మన తెలుగువాళ్ల దగ్గరికి ఈ సంఘం ఎలా వచ్చిందో నీకు తెలిసే ఉంటుంది. ఎడ్విన్ ధర్మరాజు గారు కీటక శాస్త్రవేత్త. సమోవాలో ఉద్యోగం చేస్తూ భార్య ఎల్సీ గారితో కలిసి 1977లో బాప్తిస్మం పొందారు. 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకే చెప్పారు. ఆ కుటుంబంలో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ గారి తండ్రి శ్రీనివాసం గారు మన లేఖనమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేశారు. 2012 మేలో దేశంలోనే మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, హైదరాబాద్‌లో ఏర్పడింది. నీ చేతిలోకి ఈ విశ్వాసం ఎన్ని చేతులు దాటి వచ్చిందో చూడు. అందులో ఎవరికీ చుట్టూ జనం మూగలేదు. ఒక ఇల్లు, ఒక కుటుంబం, అంతే.

లీడ్స్ తమ్ముడు:

అక్క పెద్ద సంగతులన్నీ చెప్పేసింది. నేను కూడా మిషన్ చేసి వచ్చినవాణ్ణే, చిన్న సంగతులు చెప్తా.

బూట్ల దగ్గర పిసినారితనం వద్దు. రోజంతా నడకే. నీళ్లు పీల్చని నల్ల బూట్లు రెండు జతలు ఉంటే ఒకటి ఆరుతుండగా ఇంకోటి వేసుకోవచ్చు. చలి కోటు ఊళ్లో కొనకు, ఇక్కడ చారిటీ షాపుల్లో మంచివి తక్కువకి దొరుకుతాయి, వార్డులో, అంటే అక్కడి స్థానిక సంఘంలో, వాళ్లు కూడా ఇస్తారు. లోపల వేసుకునే థర్మల్స్ మాత్రం తెచ్చుకో. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, మనసు అదోలా అవుతుంది. జూన్‌లో నువ్వు పడుకునేటప్పటికి కూడా వెలుతురు ఉంటుంది, మందపాటి కర్టెన్ వేసుకో.

వంటకి చిన్న కుక్కర్ ఒకటి ఆసియా షాపులో కొనుక్కో. మాంచెస్టర్‌లో రష్‌హోమ్ వైపు వెళ్తే బియ్యం, కందిపప్పు, కరివేపాకు అన్నీ ఉంటాయి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, వంటగది తలుపు వెయ్యి, లేకపోతే పొగ అలారం మోగి బిల్డింగంతా లేస్తుంది. కంపానియన్‌కి కూడా వండి పెట్టు. నాతో ఉన్న అమెరికా కుర్రాడు పప్పుచారుకి అలవాటు పడ్డాక మా మధ్య గొడవలు సగం తగ్గాయి, నిజంగా.

డబ్బు నెలనెలా కార్డులో పడుతుంది, తిండికీ బస్సుకీ సరిపోతుంది, అంతకు మించి మిగలదు. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం ఎలాగూ ఉంటుంది, శనివారం రాత్రి కడుపు నిండా తిను.

ఇంకోటి. ఒంట్లోగానీ మనసులోగానీ బాగోలేకపోతే దాచుకోకు. ప్రెసిడెంట్ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడతారు, అప్పుడు చెప్పు. ఆ రోజు దాకా ఆగలేకపోతే ఫోన్ చెయ్యి. ఆరోగ్యం కుదరక మధ్యలో ఇంటికి వెళ్లినవాళ్లు ఉన్నారు, వాళ్ల సేవ దేవుడి దగ్గర తక్కువేమీ కాదు. ఊళ్లో ఏమనుకుంటారో అని నలిగిపోవద్దు.

బ్రాడ్‌ఫర్డ్ బాబాయి:

బాబూ, నేను మీ సంఘం వాణ్ణి కాను. వెంకన్న భక్తుణ్ణి, ఏటా కుదిరితే తిరుపతి వెళ్లొస్తాను. తెలుగువాళ్లు ఏమనుకుంటారని అడిగావు కాబట్టి చెప్తున్నాను.

మేం ఇల్లు మారుతున్న రోజు ఇద్దరు తెల్లచొక్కాల పిల్లలు దారిన పోతూ ఆగి, సాయం కావాలా అన్నారు. టైలు భుజం మీదకి వేసుకుని ఫ్రిజ్ మోశారు, మంచాలు మోశారు. మా ఆవిడ పులిహోర పెడితే తిన్నారు. తర్వాత ఒకసారి వచ్చి, మా నమ్మకం గురించి వింటారా అని అడిగారు. మాకు మా దేవుడున్నాడు నాయనా అన్నాను. సరేనండీ అని, తోటపని ఏమైనా ఉందా అన్నారు. ఆ పిల్లలంటే మా ఇంట్లో అందరికీ ఇప్పటికీ గౌరవం.

నీకు ఒక్క మాట. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు చాలామంది ఉన్నారు. నెత్తి మీద అప్పు, పార్ట్‌టైం పని దొరకదు, గదిలో నలుగురు, పలకరించే దిక్కుండదు. తెలుగులో మాట్లాడే మిషనరీ కనబడితే ప్రాణం లేచొస్తుంది. నువ్వు అన్నం పెడితే నువ్వు చెప్పే ప్రతిదానికీ తలూపుతారు. ఆ తలూపడాన్ని నమ్మకం అనుకోకు. అన్నం అన్నంగానే పెట్టు, సాయం సాయంగానే చెయ్యి. నమ్మకం గురించి చెప్పాలనుకుంటే వేరే రోజు, ముందు అడిగి చెప్పు. కాదన్నాక కూడా ఆ పిల్లాడికి నీ ఇంట్లో అదే పప్పు, అదే పలకరింపు ఉండాలి. అలా ఉంటే తెలుగువాళ్లెవరూ నిన్ను తప్పుగా అనుకోరు.

ప్రెస్టన్ అక్క:

బాబాయి గారూ, మీరు చెప్పింది ప్రతి మిషనరీ వినాలి. ఆకలిగా ఉన్నవాడి చేత నమ్మకం ఒప్పించడం సువార్త కాదు. సంఘంలో కూడా మాకు నేర్పేది, మనిషి తనంతట తాను చదివి, ప్రార్థించి, దేవుణ్ణే అడిగి తెలుసుకోవాలని. ఆకలితో, మొహమాటంతో ఒప్పుకున్నవాడు అసలు అడిగే ఉండడు.

రాజమండ్రి కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. బాబాయి గారు చెప్పింది అమ్మకి చదివి వినిపించాను, కాస్త తేలికపడింది. రెండు అడగాలి. ఎవరింటికి వెళ్లినా ముందు టీ ఇస్తారంటున్నారు, మనం తాగం కదా, ఎలా చెప్పాలి? అమ్మతో ఎప్పుడు మాట్లాడొచ్చు?

ప్రెస్టన్ అక్క:

టీ గురించి సిద్ధాంతమంతా గుమ్మంలో చెప్పక్కర్లేదు. ‘టీ, కాఫీ తాగను, మంచినీళ్లు ఇవ్వండి’ అని నవ్వుతూ అడుగు. ఇంగ్లీషు ఇళ్లలో ఆరెంజ్ స్క్వాష్ కలిపిస్తారు, అది తాగొచ్చు. పుదీనా లాంటి ఆకులతో కాచినది ఇచ్చినా పరవాలేదు. తెలుగు ఇళ్లలో మాత్రం ఏదో ఒకటి తీసుకోకుండా లేవొద్దు, మజ్జిగ అడుగు, ఆ ఇల్లాలు సంతోషిస్తుంది. ఎందుకు తాగరని వాళ్లంతట వాళ్లు అడిగితే అప్పుడు చెప్పు, 1833లో మన సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ద్వారా వచ్చిన ఆరోగ్య నియమం, జ్ఞానవాక్యం అని.

అమ్మగారి విషయం. ఇదివరకు ఏడాదికి రెండుసార్లే ఫోన్ ఉండేది. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి వారం ప్రిపరేషన్ డే నాడు వీడియోలో మాట్లాడనిస్తున్నారు. ఇక్కడి ఎండాకాలంలో రాజమండ్రి మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, చలికాలంలో అయిదున్నర. ఇక్కడ ఉదయం పదింటికి చేస్తే అమ్మగారికి మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరికగా ఉంటుంది. మొదటి కొన్ని వారాలు ఇద్దరూ ఏడుస్తారు, ఏడవనీ. ఫోన్ పెట్టేశాక ఫ్లాట్‌లో కూర్చోకుండా కంపానియన్‌తో కలిసి సరుకులకి బయటికి వెళ్లు.

రాగానే మీ వార్డు పెద్ద, బిషప్పుతో చెప్పి మా వార్డుకి కబురు పెట్టించు. నీ ఏరియా ఇటువైపు పడితే మా ఇంట్లో ఇద్దరికీ భోజనం. ప్రెస్టన్ దగ్గరే చార్లీలో మన సంఘం దేవాలయం ఉంది, ఆదివారం కూడుకునే చాపెల్ లాంటిది కాదు, 1998లో ప్రతిష్ఠించారు. దూరం వల్ల మన ఊళ్ల పిల్లల్లో చాలామందికి దేవాలయం లోపలికి వెళ్లడం మిషన్ మొదలయ్యేటప్పుడే కుదురుతుంది. నీకూ అంతే అయితే ఆ రోజు తొందరపడకు, వెళ్లేముందు అక్కడ దేవుడితో చేసే నిబంధనల (ఒడంబడికల) గురించి బిషప్పు దగ్గర కూర్చుని బాగా అడిగి తెలుసుకో.

వీసాకి టీబీ పరీక్ష సర్టిఫికెట్ అడుగుతారు, సంఘం ఆఫీసు వాళ్లు చెప్పిన సెంటర్‌లోనే చేయించుకో. ఒరిజినల్ కాగితం చేతి బ్యాగులో పెట్టుకో, సూట్‌కేసులో వద్దు. గోంగూర పచ్చడి సీసా మాత్రం సూట్‌కేసులోనే పెట్టు, రెండు కవర్లు చుట్టి, చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీలో తీసేస్తారు.