కింది డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్‌ని గెలిపించిన మేనేజర్, పెద్ద క్లబ్ పిలవగానే వెళ్లిపోవచ్చా?

గంటస్తంభం_కుర్రోడు (విజయనగరం):
నిన్న సాయంత్రం గ్రౌండ్‌లో ఈ మాట మీద మా జట్టు రెండుగా చీలిపోయింది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. 2023-24లో ఎంజో మారెస్కా ఇంగ్లండ్ క్లబ్ లీసెస్టర్ సిటీకి మేనేజర్, అంటే ప్రధాన కోచ్. ఇంగ్లండ్ రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌లో 97 పాయింట్లతో జట్టుని మొదటి స్థానంలో నిలబెట్టాడు. అలా జట్టు మొదటి డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది. అక్కడ ఆట మొదలయ్యేలోపే లండన్‌లోని పెద్ద క్లబ్ చెల్సీ పిలిచింది, వెళ్లిపోయాడు. ఆయన లేని 2024-25 సీజన్‌లోనే లీసెస్టర్ చివరి స్థానాల్లో నిలిచి మళ్లీ రెండో డివిజన్‌కి దిగిపోయింది. చెల్సీ మాత్రం 2025లో యూరప్ క్లబ్‌ల పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్, క్లబ్ ప్రపంచ కప్ రెండూ కొట్టింది. ఆయన వెళ్లడం సబబేనా? పెద్దవాళ్లు చెప్పండి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
సబబు ఎలా అవుతుంది? లీసెస్టర్ ఆటగాళ్లు ఏడాదంతా ఆయన పద్ధతి నేర్చుకున్నారు. గోల్‌కీపర్ దగ్గర్నుంచి పాస్‌లతోనే ముందుకు రావాలి, బంతి మన దగ్గరే ఉండాలి అని నూరిపోశాడు. వాళ్లకి అది వంటబట్టే సరికి మనిషి లేడు. తర్వాత వచ్చిన స్టీవ్ కూపర్‌ని నవంబర్‌లోనే పంపేశారు. ఆ తర్వాత వాన్ నిస్టల్‌రాయ్. ఒక్క సీజన్‌లో ఇద్దరు. పునాది వేసిన మేస్త్రి స్లాబు పడకముందే ఇంకో ఇంటి పనికి పోతే ఆ ఇంటివాళ్ల గతేంటి? నమ్మినవాళ్లని నట్టేట ముంచడం అంటే ఇదే.

కోట_జంక్షన్:
ఉండిపోతే ఏమొచ్చేది? విన్సెంట్ కొంపనీని చూడండి. 2022-23లో బర్న్‌లీకి 101 పాయింట్లతో ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. నమ్మకంగా ఉండిపోయాడు. మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో 24 పాయింట్లు, 19వ స్థానం, జట్టు కిందకి. అప్పుడు జర్మనీ క్లబ్ బయర్న్ మ్యూనిక్ పిలిస్తే వెళ్లి 2024-25లో అక్కడి మొదటి డివిజన్ బుండెస్‌లీగా గెలిచాడు. 101 నుంచి 24! ఈ లెక్కకి ఎవరైనా సమాధానం చెప్పండి ముందు.

నాగావళి_ఒడ్డు:
ఉన్నాడు కదా! ఓడినా జట్టుతో పాటే ఓడాడు. నేను అడుగుతున్నది అదే.

కోట_జంక్షన్:
ఓడిపోయాక వెళ్లాడు కదా, అది మాత్రం న్యాయమా? కిందపడ్డ జట్టుని వదిలేసి జర్మనీ పోయాడు. మీ లెక్కలో అతనూ తప్పు చేసినట్టే.

పలాస_సీను:
అన్నా, 24 పాయింట్ల దగ్గరే ఆగిపోతే చర్చ కదలదు.

డ్రిల్లు_మాస్టారు (శ్రీకాకుళం):
అందరూ మేనేజర్ మనసు గురించే మాట్లాడుతున్నారు. ఆట గురించి కొంచెం చెప్పనివ్వండి. నేను చాలాకాలం పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పినవాడిని.

డివిజన్ మారితే ఆటే మారిపోతుంది. ఛాంపియన్‌షిప్‌లో 24 జట్లు, ఒక్కో జట్టుకి 46 మ్యాచ్‌లు. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, 38 మ్యాచ్‌లు. కింద నీ జట్టే బలమైనది కాబట్టి బంతి నీ దగ్గర ఉంటుంది. ఎదుటివాళ్లు వెనక్కి వెళ్లి గోడ కడతారు, దాన్ని ఛేదించడమే నీ పని. పైకి వెళ్లాక నువ్వే గోడ కట్టాలి. అదే మేనేజర్, అదే జట్టు, కానీ పని తలకిందులు. 2023-24లో పైకి వచ్చిన బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్, లూటన్ మూడూ అదే ఏడాది దిగిపోయాయి. 2024-25లో లీసెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్ మూడూ దిగిపోయాయి. ఆరుకి ఆరు. మారెస్కా ఉండుంటే లీసెస్టర్ నిలబడేదని ఎవరూ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు.

రెండో మాట. మేనేజర్ ఒక్కడే వెళితే గెలుస్తాడని అనుకోవద్దు. బ్రయాన్ క్లఫ్ అనే ఇంగ్లండ్ మేనేజర్ 1974లో మూడో డివిజన్ బ్రైటన్ నుంచి నేరుగా ఇంగ్లండ్ ఛాంపియన్ లీడ్స్‌కి వెళ్లాడు. 44 రోజులు. అంతే, తీసేశారు. అంతకుముందు డెర్బీ క్లబ్‌లో ఆయనకి కుడిభుజంగా ఉన్న పీటర్ టేలర్ అప్పుడు బ్రైటన్‌లోనే ఉండిపోయాడు. 1975లో క్లఫ్ రెండో డివిజన్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి వచ్చాడు, 1976లో టేలర్ వచ్చి కలిశాడు. 1977లో పైకి, 1978లో ఛాంపియన్లు, 1979, 1980లో వరుసగా యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ యూరోపియన్ కప్. మేనేజర్‌ని కొనే క్లబ్, ఆయన పక్కన ఉన్నది ఎవరో చూడాలి.

నాగావళి_ఒడ్డు:
మాస్టారూ, మీరు క్లఫ్ గెలుపోటములు చెప్పారు. బ్రైటన్ సంగతి చెప్పలేదు. వాళ్లు మూడో డివిజన్‌లో ఉండి అంత పెద్ద మనిషిని తెచ్చుకున్నారు, ఏడాది కూడా తిరగకముందే పోయాడు. చరిత్రలో ఆ ఊరి మాట ఎవరూ రాయరు.

టెక్కలి_తమ్ముడు:
కీరన్ మెక్‌కెన్నా ఉన్నాడు కదండీ. మాంచెస్టర్ యునైటెడ్‌లో కోచింగ్ పని వదులుకుని 2021 డిసెంబర్‌లో మూడో డివిజన్ ఇప్స్‌విచ్‌కి దిగి వచ్చాడు. 2023లో ఒక మెట్టు, 2024లో ఇంకో మెట్టు, వరుసగా రెండుసార్లు పైకి తెచ్చాడు. పైన 22 పాయింట్లే వచ్చాయి, దిగిపోయారు. అయినా క్లబ్ ఆయన్ని తీసెయ్యలేదు, ఆయనా వదిలి పోలేదు. రాఫా బెనితెజ్ కూడా అంతే. స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కి మేనేజర్‌గా చేసిన మనిషి, 2016లో న్యూకాజిల్ దిగిపోతే తనూ జట్టుతో పాటే దిగి, 2017లో పైకి తెచ్చాడు.

కోట_జంక్షన్:
22 పాయింట్లు! కొంపనీ కంటే రెండు తక్కువ.

పలాస_సీను:
మన దేశం సంగతి కూడా చూడండి. కోచ్ ఖాలిద్ జమీల్ 2016-17లో ఐజాల్‌ని ఐ-లీగ్ అనే జాతీయ లీగ్‌లో ఛాంపియన్ చేశాడు. మిజోరం జట్టు అది, కోల్‌కతా, గోవా, బెంగళూరు జట్లన్నిటినీ దాటి గెలిచింది. కానీ అప్పుడు ఇంకో పెద్ద లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) తలుపులు మూసి ఉన్నాయి, ఛాంపియన్ అయినా పైకి వెళ్లే దారి లేదు. జమీల్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు, తర్వాత ఐఎస్ఎల్‌లో నార్త్‌ఈస్ట్, జంషెడ్‌పూర్, 2025లో ఇండియా జట్టు కోచ్. క్లబ్ పైకి వెళ్లలేనప్పుడు మనిషైనా వెళ్లాలి కదా. ఐ-లీగ్ గెలిచిన జట్టుని ఐఎస్ఎల్‌లోకి తీసుకోవడం 2022-23లో పంజాబ్ జట్టుతోనే మొదలైంది.

నాగావళి_ఒడ్డు:
మన తెలుగు నేల మీద రహీం సాబ్ లేరా? సయ్యద్ అబ్దుల్ రహీం. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇండియాకి కోచ్‌గా ఉంటూనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని వదల్లేదు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ పోటీ గెలిచింది. కావాలనుకుంటే కోల్‌కతాలో పెద్ద క్లబ్బులు ఆయనకి ఎర్ర తివాచీ పరిచేవి.

డ్రిల్లు_మాస్టారు:
రహీం సాబ్ పేరు ఎత్తితే నేను లేచి నిలబడతాను. కానీ బాబూ, అది పోలీసు జట్టు. ఆటగాళ్లకి ఉద్యోగం, నెల జీతం ఉండేవి. అక్కడ నిలబడటానికి నేల ఉంది. ప్రతి కోచ్‌కీ ఆ నేల ఇచ్చి తర్వాత విశ్వాసం అడగండి.

నాగావళి_ఒడ్డు:
ఏటి మాస్టారూ, ఎంతసేపూ జీతమేనా? అయితే వినండి. మా అబ్బాయి ఇక్కడ ఒక స్కూల్ జట్టులో ఆడేవాడు. వాళ్ల కోచ్ ఎండలో వానలో నిలబడి నేర్పిన మనిషే, కాదనను. జట్టు జిల్లా స్థాయి దాటింది. సెమీస్ వారంలో విశాఖలో ఒక పెద్ద సంస్థ పిలిచిందని వెళ్లిపోయాడు. పిల్లలకి ఒక్క మాట లేదు. ప్రాక్టీస్‌కి వెళ్లినవాళ్లు గేటు దగ్గర ఎదురుచూసి ఇంటికొచ్చారు. మావాడు ఆ తర్వాత బూట్లు ముట్టుకోలేదు, నేను ఎన్నిసార్లు బతిమాలినా సరే. మీ మారెస్కాలకి చెల్సీ ఉంది, కప్పులు ఉన్నాయి. వీడికి ఏముంది?

నిర్వాహకుడు:
ఎవరి పేర్లూ రాయకండి. చర్చ కొనసాగించండి.

డ్రిల్లు_మాస్టారు:
మీ కోచ్ ఎవరో నాకు తెలియదు. కానీ నేనూ అలాగే వెళ్లినవాడిని కాబట్టి చెబుతాను. జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీ జట్టు నాది. దసరా నుంచి జీతం రాలేదు. అడిగితే సంక్రాంతికి అన్నారు, సంక్రాంతికి అడిగితే పరీక్షలయ్యాక అన్నారు. బంతులు, వలలు నా డబ్బుతో కొన్నాను. ఇంటి అద్దె కట్టలేక మామగారి దగ్గర చెయ్యి చాచాను. విశాఖ నుంచి పిలుపు వస్తే వెళ్లాను, మళ్లీ పిలిచినా వెళతాను.

క్లబ్ మేనేజర్‌ని తీసేస్తే దానికి నిర్ణయం అని పేరు, మేనేజర్ వెళితే ద్రోహం అని పేరు. స్కాట్ పార్కర్ 2022 మే నెలలో బోర్న్‌మౌత్‌ని ప్రీమియర్ లీగ్‌కి తెచ్చాడు. ఆగస్టులో లివర్‌పూల్ చేతిలో 9-0 ఓటమి, నాలుగే మ్యాచ్‌లకి ఉద్యోగం పోయింది. రస్సెల్ మార్టిన్ 2024లో సౌతాంప్టన్‌ని పైకి తెస్తే అదే డిసెంబర్‌లో పంపేశారు. అప్పుడు ఎవరైనా క్లబ్‌ని విశ్వాసం లేదని తిట్టారా?

టెక్కలి_తమ్ముడు:
పార్కర్ మాట నిజమే మాస్టారూ. అలా తీసేయించుకుని కూడా 2025లో బర్న్‌లీని 100 పాయింట్లతో పైకి తెచ్చాడు.

గంటస్తంభం_కుర్రోడు:
అయితే ఈ కాలంలో ప్రీమియర్ లీగ్‌లో ఉన్న బ్రైటన్ ఎలా నిలబడింది? 2022 సెప్టెంబర్‌లో, సీజన్ నడుస్తుండగా, వాళ్ల మేనేజర్ గ్రాహం పాటర్‌ని చెల్సీ తీసుకుపోయింది, ఆయన సహాయకుల్ని కూడా. రెండూ ఒకే డివిజన్ క్లబ్బులే, నిజమే, అయినా మనం అనే దెబ్బ అదే. బ్రైటన్ రెండు కోట్ల పౌండ్లకి పైగా పరిహారం తీసుకుంది, రోజుల వ్యవధిలో డి జెర్బీని తెచ్చింది. సీజన్ చివర బ్రైటన్‌కి ఆరో స్థానం, మొదటిసారి యూరప్ పోటీ. చెల్సీకి 12వ స్థానం, పాటర్‌ని ఏప్రిల్‌లోనే తీసేశారు.

డ్రిల్లు_మాస్టారు:
అదే నా మాట. కాగితం మీద ఒప్పందం ఉంది కాబట్టి డబ్బు వచ్చింది. తర్వాతి మనిషిని ముందే చూసి పెట్టుకున్నారు కాబట్టి జట్టు ఆగలేదు. మన దగ్గర కోచ్‌కి ఒప్పందమే లేదు. వెళ్లకుండా ఆపే హక్కు లేదు, వెళితే స్కూల్‌కి ఒక్క రూపాయి రాదు, రెండో కోచ్ అనే మాటే లేదు.

నాగావళి_ఒడ్డు:
మాస్టారూ, నేను మీ జీతం గురించి ఒక్క మాట కూడా అనను. ఇవ్వనివాళ్లది తప్పు. నాకు మండేది ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను. వెళ్లడం గురించి కాదు. చెప్పకుండా వెళ్లడం. లీసెస్టర్ ఆటగాళ్లు పెద్దవాళ్లు, జీతగాళ్లు, పేపర్లో చదివి తెలుసుకుంటారు. పద్నాలుగేళ్ల పిల్లాడికి మీరే పేపరు, మీరే రేడియో.

డ్రిల్లు_మాస్టారు:
చెప్పే బాధ్యత యాజమాన్యానిది. నేను రాజీనామా ఇచ్చిన రోజే పిల్లలకి చెప్పొద్దని అన్నారు, సెలక్షన్లు చెడతాయని.

నాగావళి_ఒడ్డు:
జీతం ఇవ్వని యాజమాన్యం మాట అప్పుడు విన్నారా?

పలాస_సీను:
నేను ఆటగాడి వైపు నుంచి చెబుతాను. మా కోచ్ వెళతాడని మాకు వారాల ముందే తెలుసు, పెద్ద ఊరి వాళ్లు గ్రౌండ్‌కి వచ్చి చూసి పోయేవారు. ఏడవలేదు. తర్వాత ఎవరు వస్తారో ఎవరూ చెప్పకపోవడమే చంపేసింది. మా సీనియర్ ఒకరు ముందుకొచ్చి ఆడించబట్టి ఆ ఏడాది గట్టెక్కాం. ప్రతి జట్టులో పెద్ద పిల్లల్లో ఒకరికి ప్రాక్టీస్ నడపడం ముందే నేర్పించాలి. దానికి డబ్బు అక్కర్లేదు.

డ్రిల్లు_మాస్టారు:
అది మంచి మాట. నేను ఇప్పుడున్న చోట ఇద్దరికి నేర్పుతున్నాను.

కోట_జంక్షన్:
వాళ్లకి చెప్పారా, మీరు వెళ్లిపోవచ్చని?

డ్రిల్లు_మాస్టారు:
వాళ్లకి నేర్పుతున్నది ఎందుకో వాళ్లే అర్థం చేసుకుంటారు.

నాగావళి_ఒడ్డు:
అర్థం చేసుకోరు మాస్టారూ. రేపు ప్రాక్టీస్‌లో నోరు తెరిచి చెప్పండి.