30 గంటలూ నిండాయి, కానీ మా లేబర్ రూమ్‌కి పనికొచ్చే చదువు ఎక్కడుంది?

నర్సీపట్నం డాక్టరమ్మ:

అందరికీ నమస్కారం. 1997లో డీజీఓ (ప్రసూతి, స్త్రీ వ్యాధుల డిప్లొమా) పూర్తి చేశాను. నర్సీపట్నంలో 12 పడకల నర్సింగ్ హోమ్ నాది. డాక్టర్ని నేనొక్కదాన్నే. నలుగురు సిస్టర్లు, ఇద్దరు ఆయాలు. చింతపల్లి, గొలుగొండ వైపు నుంచి కూడా కాన్పులకి వస్తారు.

ఈ ఏడాది నా రిజిస్ట్రేషన్ రెన్యువల్. ఐదేళ్లకి 30 గంటల సీఎంఈ (డాక్టర్ల నిరంతర వైద్య విద్య) కావాలి కదా, లెక్కేస్తే 34 ఉన్నాయి. సర్టిఫికెట్లన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ చూశాను. రోబోటిక్ హిస్టరెక్టమీ రెండుసార్లు, ఐవీఎఫ్‌లో పిండం ఎంపిక, కాస్మెటిక్ గైనకాలజీ, పీసీఓఎస్ మీద మందుల కంపెనీలు పెట్టినవి నాలుగు. చెప్పినవాళ్లు పెద్దవాళ్లు, బాగా చెప్పారు. కానీ కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఏం చెయ్యాలి అన్నదాని మీద ఐదేళ్లలో నేను కూర్చున్నది 40 నిమిషాలు.

ఈ లెక్క ఎందుకు తీశానో చెబుతాను. పోయిన శ్రావణంలో ఒక రాత్రి మూడో కాన్పు. బిడ్డ మూడున్నర కిలోలు. మాయ పూర్తిగా పడింది, గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇచ్చాం. కాసేపటికి సిస్టర్ “కొంచెం ఎక్కువ పోతోంది మేడమ్” అంది. గుడ్డ ఎత్తి చూసి “రెండొందలు ఉంటుందిలే” అన్నాను. అరగంటకి ఆ అమ్మాయి పెదాలు తెల్లబడ్డాయి. నాడి 128. గట్టిగా ఉండాల్సిన గర్భసంచి పిండిముద్దలా మెత్తగా తగిలింది. అక్కణ్నుంచి మసాజ్, గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్, కార్బోప్రోస్ట్, ఒకటి ఇచ్చి ఆగి చూడటం, మళ్లీ ఇంకొకటి. గడ్డకట్టిన రక్తం కరగకుండా ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్ గుర్తొచ్చేసరికి గంట దాటింది. చివరికి కేథటర్‌కి కండోమ్ కట్టి గర్భసంచి లోపల పెట్టి, సెలైన్ నింపి, అంబులెన్స్‌లో నేనూ ఎక్కాను. విశాఖ చేరేదాకా ఆ పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అక్కడ నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించారు. బతికింది. బారసాలకి పిలిస్తే వెళ్లాను గానీ ఆ తల్లి ముఖంలోకి చూడలేకపోయాను. “రెండొందలు” అన్న మాట నాది.

ఆ కండోమ్ బెలూన్ ఢాకాలో డాక్టర్ సయేబా అఖ్తర్ తెచ్చిన పద్ధతి. ఎప్పుడో ఒక సీనియర్ మేడమ్ క్లాసురూములో మా అందరి చేతా దారం పెట్టి కట్టించారు, నీళ్లు నింపించారు. ఆ రాత్రి చేతులకి అదే గుర్తొచ్చింది. స్లైడ్లలో చూసినవి ఒక్కటీ రాలేదు.

అందుకే అడుగుతున్నాను. చేతులతో చేయించి నేర్పే శిక్షణ మా బోటి వాళ్లకి ఎక్కడ దొరుకుతుంది? సిస్టర్లకి ఎలా నేర్పాలి? నలుగురినీ ఒకేసారి పంపితే నేను తలుపులు మూసుకోవాలి.

ప్రభుత్వ కాలేజీ ప్రొఫెసర్:

అమ్మా, ముందు ఒక మాట. కంటి అంచనా మీకే కాదు, ఎవరికైనా తప్పుతుంది. 2023లో వచ్చిన ఈ-మోటివ్ అధ్యయనం చూడండి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆస్పత్రులు, రెండు లక్షల పైచిలుకు మామూలు కాన్పులు. ఎప్పటిలాగే చూసుకున్నచోట పీపీహెచ్‌లలో (కాన్పు తర్వాత అధిక రక్తస్రావం) 51 శాతమే దొరికాయి. పిరుదుల కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ (రక్తం పట్టే షీటు) వేసి కొలిచినచోట 93 శాతం.

రెండో సంగతి, మీరు రాసిన “ఆగి చూడటం”. మనందరికీ అలాగే నేర్పారు: ఒకటి ఇవ్వు, పనిచెయ్యకపోతే ఇంకోటి. ఇప్పుడు అన్నీ కలిపి ఒకేసారి మొదలుపెట్టాలి. మసాజ్, ఆక్సిటోసిన్, ట్రానెక్సమిక్ యాసిడ్ 1 గ్రాము నరంలోకి 10 నిమిషాల్లో, ఐవీ ఫ్లూయిడ్స్, చిరుగులేమైనా ఉన్నాయేమో పరీక్ష, ఆగకపోతే పైకి పంపడం. 15 నిమిషాల్లో ఇవన్నీ మొదలైపోవాలి. ఆ అధ్యయనంలో తీవ్ర రక్తస్రావం, పొట్ట తెరవాల్సి రావడం, మరణం ఈ మూడూ కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గాయి. కొత్త మందు ఒక్కటీ లేదు, గమనించారా?

2025 అక్టోబరులో డబ్ల్యూహెచ్ఓ, ఫిగో (ప్రసూతి, స్త్రీ వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య), మిడ్‌వైఫ్‌ల అంతర్జాతీయ సమాఖ్య కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో 500 మి.లీ. దాకా ఆగొద్దన్నారు. 300 దాటి, నాడిలో గానీ బీపీలో గానీ తేడా కనిపిస్తే వెంటనే మొదలుపెట్టాలి.

శిక్షణకి ఊరు దాటక్కర్లేదు. నెలకోసారి మీ లేబర్ రూమ్‌లోనే, మీ సామానుతోనే డ్రిల్ చెయ్యండి. ఒకరు పేషెంటు, ఒకరు గడియారం పట్టుకుని టైము రాసేవాళ్లు. మా పీజీలకి మేం చేయించేది ఇదే.

స్టాఫ్ నర్స్, భద్రాచలం వైపు:

మేడమ్, నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన. డాక్టర్లు మాట్లాడుకునే దగ్గర రాయొచ్చా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్న.

రక్తం ముందు చూసేది మేమే. డాక్టరు మేడమ్ మాయ పడ్డంక చేతులు కడుక్కుని పోతరు, తర్వాత రెండు గంటలు తల్లి దగ్గర ఉండేది మేము. కానీ ఎంత పోతే ఫోన్ చెయ్యాల్నో మాకు ఎవరూ నంబర్ చెప్పలే. రాత్రి రెండింటికి లేపితే “ఇంతదానికి లేపినవా” అంటరేమో అని భయం. నేను పాత చోట పనిచేసినప్పుడు ఒకసారి ఆ భయంతోనే ఇరవై నిమిషాలు ఆగిన. ఆ ఇరవై నిమిషాలు ఇప్పటికీ మరిచిపోలే. మీ సిస్టర్ నోరు తెరిచి చెప్పింది మేడమ్. ఆమెను ఏమీ అనకండి, ఇంకోసారి కూడా చెప్పేటట్టు చూడండి.

ఇంకోటి, ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలె. మా దగ్గర ఎండాకాలం కరెంటు పోతే ఫ్రిజ్ గంటలకొద్దీ ఆగేది. పొద్దున ట్రేలో పెట్టిన ఆంపుల్సు సాయంత్రం దాకా అట్లనే ఉండేవి. డ్రిల్ కంటే ముందు మీ ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందో లేదో చూడండి.

వరంగల్ ఓబీజీ (ప్రసూతి, స్త్రీ వ్యాధుల నిపుణులు):

సిస్టర్ చెప్పిన కరెంటు సంగతికి ఒక దారి ఉంది. ఆక్సిటోసిన్ లాంటిదే, వేడికి పాడవని కార్బెటోసిన్, 100 మైక్రోగ్రాములు. 2018లో వచ్చిన ఛాంపియన్ అధ్యయనంలో 10 దేశాల్లో, మన దేశంలో కూడా, 30 వేల మందికి దగ్గరగా చూశారు, 500 మి.లీ. పైబడిన రక్తస్రావం రాకుండా చూడటంలో ఆక్సిటోసిన్‌కి తీసిపోలేదు. కాకపోతే అది ముందు జాగ్రత్తకే, రక్తస్రావం మొదలయ్యాక వైద్యానికి కాదు.

కాన్ఫరెన్సుల మీద మాత్రం మేడమ్‌తో పూర్తిగా ఏకీభవించలేను. పెద్ద హాల్లో ఉపన్యాసాలు వదిలేసి, ముందురోజు పెట్టే వర్క్‌షాపులకే డబ్బు కట్టండి. అక్కడ బొమ్మల మీద చేయిస్తారు. ఫాగ్సీ (మన దేశ ప్రసూతి, స్త్రీ వైద్య సంఘాల సమాఖ్య) వాళ్ల ‘మాన్యత’ కార్యక్రమం ప్రైవేటు ప్రసూతి ఆస్పత్రుల కోసమే, అందులో సిస్టర్లకి కూడా శిక్షణ ఉంటుంది. మీకు సరిగ్గా సరిపోతుంది.

నర్సీపట్నం డాక్టరమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మధ్యాహ్నం ఓపీ ఆపి మొదటి డ్రిల్ చేశాం. ముందు బకెట్లో కుంకుమ నీళ్లు కలిపి, కొలిచి 450 మి.లీ. గుడ్డల మీద, ప్యాడ్ల మీద పోశాను. ఎంతుందో చెప్పమంటే ఒక సిస్టర్ 200 అంది, ఇంకొకరు 250. పెద్ద ఆయా మాత్రం 400 అంది. ముప్పై ఏళ్లుగా ఆ గుడ్డలు ఉతికేది ఆవిడే. డ్రేపులు వచ్చేదాకా బిడ్డల తూకం యంత్రం మీద గుడ్డలు తూచి, పొడి బరువు తీసేసి, గ్రాముకి ఒక మి.లీ. చొప్పున లెక్కేస్తున్నాం.

తర్వాత గడియారం పట్టుకున్నాం. ట్రానెక్సమిక్ యాసిడ్ చేతికి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. అది ఆపరేషన్ థియేటర్ బీరువాలో ఉంది, తాళం నా గదిలో. 15 నిమిషాలు ఆలస్యమైతే ఆ మందు మేలు పదో వంతు తరుగుతుందని చదివాను. దాన్ని కనిపెట్టిన జపాన్ డాక్టర్ ఉతాకో ఒకమోటో 2016లో పోయారు. ఆ మందుని 20 వేల మంది తల్లుల మీద పరీక్షించిన వుమన్ అధ్యయనం ఫలితాలు ఆ మరుసటి ఏడాది వచ్చాయి. ఆవిడ చూడలేదు. ఆ మందు నా బీరువాలో తాళం వేసి ఉంది. ఇప్పుడు లేబర్ టేబుల్ పక్కన ఎర్ర డబ్బాలో పెట్టాం, తాళం లేదు.

భద్రాచలం సిస్టర్ గారూ, మీరు రాసింది మా వాళ్లకి చదివి వినిపించాను. ఆ రాత్రి నాకు చెప్పిన సిస్టర్ ఏడ్చింది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: “300 దాటితే మేడమ్‌కి ఫోన్. అడగక్కర్లేదు, లేపండి.” కింద నా సంతకం పెట్టాను. ఫ్రిజ్‌లో థర్మామీటరు లేదు, కొనడానికి మనిషిని పంపాను.

ప్రొఫెసర్ గారూ, మీ డ్రిల్ చెక్‌లిస్టు తెలుగులో ఉంటే పంపించగలరా? వచ్చే నెల డ్రిల్ రాత్రి డ్యూటీ వాళ్లతో, రెండింటికి పెట్టుకున్నాం.