గనిలో భద్రత బాధ్యత యజమానిదా, కాంట్రాక్టర్‌దా?

భూగర్భ గనిలో కాంట్రాక్టు పని చేస్తున్నాను. గడ్డపారతో తట్టి చూస్తే పైకప్పు డొల్లగా మోగుతోంది. మేనేజర్‌కు చెబితే కాంట్రాక్టర్‌ను అడగమంటారు, ఆయనేమో మేనేజర్‌ను చూపిస్తారు. పైగా హెల్మెట్, బూట్ల డబ్బు కూలిలో కోస్తున్నారు!

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995 నాటి 176వ ఒప్పందం చదివాను. ఒకే గనిలో ఇద్దరు ముగ్గురు యజమానులుంటే ప్రధాన బాధ్యత గని నడిపేవారిదేననీ, రక్షణ సామగ్రి ఉచితంగా ఇవ్వాలనీ, తీవ్ర ప్రమాదం ఉందనిపిస్తే కార్మికుడు అక్కడి నుంచి వచ్చేయొచ్చనీ ఉంది. దాన్ని ఆమోదించని దేశంలో ఇవన్నీ ఏ చట్టం కింద అడగాలి? పని ఆపి పైకొస్తే గైర్హాజరు వేస్తారేమోనని టెన్షన్. తనిఖీ అధికారికి ఫిర్యాదు రాసినవాళ్లెవరైనా ఉంటే, ఏయే ఆధారాలు జత చేశారో చెప్పండి.