1971లో ఎవరి కష్టం ఎక్కువ: బంకర్లో జవానుదా, ఓడలో సెయిలర్‌దా?

పాతపేపరు:
మొన్న డిసెంబరు 16న మా ఊళ్లో 1971 యుద్ధంలో పనిచేసిన పెద్దవాళ్లకు శాలువాలు కప్పారు. ఆర్మీ వాళ్లను ఒక్కొక్కరినీ స్టేజీ ఎక్కించారు. నేవీలో చేసిన ఒకాయన్ని కింద కుర్చీలోనే ఉంచేసి, చివర్లో గుర్తొచ్చి పిలిచారు. పైగా "ఓడలో ఉన్నారు కదండీ, మీకంత ఇబ్బంది ఉండి ఉండదు" అని మైకులోనే అన్నాడొకాయన. నిజమేనా ఇది?

గూడెంవాసి:
అన్నదాంట్లో తప్పేముందండి? మాది తాడేపల్లిగూడెం దగ్గర. మా పక్క మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు, ఇంటికో సిపాయి. ఆ కబుర్లు వింటూనే పెరిగాం. మా నాన్న కూడా 71లో తూర్పు సరిహద్దులో ఉన్నారు. చలి, కాలి కింద తడి నేల, మందుపాతర ఎక్కడుందో తెలీదు. ఒక్కోసారి రోజుల తరబడి తీపి పిండిముక్కలు, అవే శక్కర్‌పారాలే తిండి. ఓడలో అయితే పడుకోవడానికి బంక్ ఉంటుంది, వేళకి వేడన్నం ఉంటుంది. రెండూ ఒకటేనా?

బాయిలర్ తాత:
వేడన్నం ఎవరు పెట్టారు బాబూ? 71లో నేను తూర్పు నౌకాదళంలో, బాయిలర్ రూములో ఉన్నాను. యాక్షన్ స్టేషన్స్ అని, అంటే పోరుకి ఎవరి చోట వాళ్లుండమని మోగిందంటే గ్యాలీలో, అదే ఓడ వంటగదిలో, పొయ్యిలు ఆర్పేసేవారు. ఎండిన బ్రెడ్డు, టీ. అదైనా ఎవరో ఒకరు నిచ్చెన దిగి తెస్తేనే. మా చోటు నీటిమట్టానికి కింద. గేజి గ్లాసులో నీళ్లు ఎక్కడున్నాయో కళ్లార్పకుండా చూడాలి. తగ్గితే బాయిలర్ కాలిపోతుంది, ఎక్కువైతే ఆవిరితో పాటు నీళ్లు టర్బైన్‌లోకి పోతాయి. వేస్ట్ గుడ్డ లేకుండా వాల్వు పట్టుకుంటే అరచేతి తోలు దానికే అంటుకుంటుంది. పైన ఏం జరుగుతోందో మాకెవరూ చెప్పరు.
డిసెంబరు 9వ తారీఖు రాత్రి డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ టార్పెడోతో ముంచేసింది. నిమిషాల్లో పోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు. ఓడతో పాటే మునిగిన కెప్టెన్ ముల్లా పేరు అందరికీ తెలుసు. ఆ 176 మందిలో ఒక్కడి పేరు చెప్పు చూద్దాం.

ఒంగోలు గిత్త:
విశాఖ ఆర్కే బీచిలో కుర్సురా సబ్‌మెరైన్ చూసినవాళ్లు ఎవరూ ఇలా మాట్లాడరు. 71లో గస్తీ తిరిగిందే అది. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరి బయటికొచ్చేసరికి నా నడుం పట్టేసింది.

గూడెంవాసి:
తాతగారూ, టీ ఉందని మీరే అన్నారు. టీ అంటే వేడిగానే కదండి ఉండేది? సరే, ఇంకోటి అడుగుతా. ఇప్పటిదాకా పరమవీరచక్రలు 21 ఇస్తే 20 ఆర్మీకి, ఒకటి ఎయిర్‌ఫోర్స్‌కి. నేవీకి ఎన్ని?

బాయిలర్ తాత:
గేజి గ్లాసు చూసినవాడికి చక్రం ఎవరిస్తారు? నిచ్చెన దిగొచ్చేసరికి టీ చల్లారిపోయేది. రాసుకో.

బీచ్‌రోడ్ లక్ష్మి:
3వ తారీఖు అర్ధరాత్రి పేలుడుకి విశాఖలో మా ఇంటి కిటికీ రెక్కలు అదిరాయని అమ్మ చెప్పేది. అది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ అని తర్వాత తెలిసింది. ఊరంతా బ్లాక్‌అవుట్. వారం తిరక్కుండానే ఖుక్రీ కబురు. మా పెదనాన్న అందులోనే ఉన్నాడు. టెలిగ్రాంలో మిస్సింగ్ అని ఉంది. మా నాయనమ్మ తద్దినం పెట్టనివ్వలేదు. "కనపడలేదన్నారు గానీ పోయాడనలేదుగా" అనేది.

గూడెంవాసి:
బాధగా ఉందండి లక్ష్మిగారూ. కానీ ఇక్కడ టాపిక్ వేరు, రోజువారీ కష్టం గురించి మాట్లాడుతున్నాం.

బాయిలర్ తాత:
ఇంతకీ మీ నాన్నగారిది ఏ రెజిమెంటు?

గూడెంవాసి:
ఎందుకండి?

పాతపేపరు:
చెప్పండి సార్, దాచడమెందుకు.

గూడెంవాసి:
ఆర్మీ సర్వీస్ కోర్, సరుకులు చేరవేసే విభాగం. లారీ డ్రైవరు.

బాయిలర్ తాత:
అదీ సంగతి! లారీలో తిరిగినాయనకి బంకర్ ఎక్కడిది? ఇన్నాళ్లూ మాధవరం వాళ్ల కష్టాలు మీ ఖాతాలో వేసుకుని మమ్మల్ని దెప్పుతున్నావన్నమాట.

గూడెంవాసి:
పెద్దవారని ఊరుకుంటున్నా. మీరూ మా ఊరివాళ్లలాగే మాట్లాడారు. రచ్చబండ దగ్గర యుద్ధం కబుర్లు మొదలైతే మా నాన్న లేచి వచ్చేసేవారు, "నువ్వు తుపాకీ పేల్చావా?" అని అడుగుతారని. మాజీ సైనికుడి కింద భూమి కోసం కాగితాలు పట్టుకెళ్తే అక్కడి గుమాస్తా కూడా అదే అడిగాడు, నవ్వుతూ. ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆయన.
రాత్రిపూట హెడ్‌లైట్లు వేయకూడదు. ముందు లారీ కింద, వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌కి తెల్ల రంగు వేసి, దాని మీద చిన్న బల్బు పెట్టేవారు. ఆ తెల్ల చుక్కనే చూస్తూ తెల్లార్లూ నడపాలి. పక్కకి దిగితే మైన్లు. లారీ అంటే నవ్వుతారనే నేను బంకర్ అంటాను. ఇప్పుడు మీరూ నవ్వారుగా.

ఒంగోలు గిత్త:
అడ్మిన్‌గారూ, ఎక్కడున్నారు?

బాయిలర్ తాత:
రాత్రంతా ఆలోచించాను. నన్నూ అడిగారు బాబూ. మా బావమరిది పెళ్లిలో, పంక్తిలో కూర్చున్నప్పుడు, "శత్రువుని చూశావా బావా?" అని. చూళ్లేదు. 3వ తారీఖు నుంచి 16 దాకా నేను ఆకాశాన్నే రెండుసార్లు చూశాను. అందుకే ఎక్కడ మాటొచ్చినా ఖుక్రీ పేరెత్తుతాను. నేను ఖుక్రీలో లేను.
మీ నాన్నగారిని అన్నమాట తప్పు. లారీలో ఏం తీసుకెళ్లేవారు?

గూడెంవాసి:
పిండి, కిరోసిన్. ఒక్కోసారి ఉత్తరాల సంచులు. అవి ఉన్న రోజు పిండి దించకముందే జవాన్లు లారీ ఎక్కేసేవారట.

బాయిలర్ తాత:
మాకు ఉత్తరాలు యుద్ధం అయ్యాకే వచ్చాయి, కట్టకట్టి ఒకేసారి. మా అమ్మకి రాయడం రాదు, పక్కింటి పిల్లాడి చేత రాయించింది. మొదటి కార్డులో "వేళకి తింటున్నావా" అని ఉంది.

గూడెంవాసి:
ఏమని రాశారు మరి?

బాయిలర్ తాత:
వేడన్నం పెడుతున్నారని రాశాను.